చంపడం, కట్టడం, పండడం: బల్లపై యుద్ధక్రీడల పరిభాష - ఒక నైతిక విచారణ

ఏడవ శతాబ్దానికి చెందిన బాణభట్టు హర్షచరితంలో తన ప్రభువు పాలనలోని శాంతిని వర్ణిస్తూ ఒక శ్లేష కూర్చాడు. ఆ రాజ్యంలో చతురంగ కల్పన అష్టాపదాలపై, అంటే ఎనిమిదేసి గడుల ఆటపలకలపై మాత్రమే ఉన్నదని ఆయన భావం. చతురంగ కల్పన అంటే నాలుగంగాల సేనను తీర్చడమనీ, కాలుచేతులను ఖండించడమనీ రెండర్థాలు వస్తాయి. ఆ రెండు హింసలూ నేలను విడిచి పలకపైకి చేరాయని కవి చమత్కారం. చదరంగ చరిత్రకారులు ఈ ప్రస్తావనను ఆట ప్రాచీనతకు ఆధారంగా ఉదాహరిస్తారు. అయితే అందులో ఒక నైతిక ప్రతిపాదన కూడా ఉంది. యుద్ధం ఆటగా మారితే హింస తగ్గుతుందన్నది ఆ ప్రతిపాదన. అది నిజమేనా? యుద్ధపు మాట ఆటలోకి వచ్చినప్పుడు దాని క్రూరత్వం ఏమవుతుంది? ఆ మాట తిరిగి జీవితంలోకి వెళ్ళినప్పుడు ఏమవుతుంది? తెలుగునాట, ముఖ్యంగా సిద్దిపేట వంటి తెలంగాణ ప్రాంతాలలో ఆడే బల్ల ఆటల పరిభాష ఆధారంగా ఈ ప్రశ్నలను విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పేరుకూ నడకకూ మధ్య దూరం

చదరంగం అనే మాట చతురంగానికి తద్భవం. రథ, గజ, తురగ, పదాతులు ఆ నాలుగంగాలు. ఆట భారతదేశం నుంచి పర్షియాకు చేరి చత్రంగ్ అయింది, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది. పర్షియన్ ఆటలో మూలగడిలో ఉండేది రుఖ్, అంటే రథం. రాజు, మంత్రుల పక్కన ఉండేది ఫీల్, అంటే ఏనుగు. ఆ ఏనుగు ఐరోపాలో ఒకచోట మతాచార్యుడిగా, ఒకచోట విదూషకుడిగా, మరొకచోట పరుగుబంటుగా మారింది. రష్యాలో మాత్రం ఏనుగుగానే నిలిచింది. అక్కడ మూలగడి రథమే పడవ అయింది. తెలుగు చదరంగంలో ఈ రెండూ చోట్లు మార్చుకున్నాయి. మూలన ఏనుగు నిలిచింది, రాజు పక్కకు శకటు వచ్చింది. ఆ శకటు ఎప్పుడూ ఐమూలగానే నడుస్తుంది. లోకంలో ఏ బండీ అలా నడవదు.

మన శాస్త్రకారులు పదాలను యౌగికాలని, రూఢాలని, యోగరూఢాలని విభజించారు. అవయవార్థం నుంచి పుట్టేది యౌగికం. అవయవార్థంతో పనిలేకుండా లోకవ్యవహారం చేత స్థిరపడేది రూఢం. ఆటలోని శకటు పూర్తిగా రూఢం. చక్రాలు, ఎద్దులు, నొగలు దాని అర్థంలో లేవు. ఐమూల నడక ఒక్కటే దాని అర్థం. మాట అర్థాన్ని వివరించడానికి విట్‌గెన్‌స్టైన్ చదరంగపు పావును పదేపదే ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ కర్రముక్క ఏ చెట్టుదో తెలిసినందువల్ల పావు అంటే ఏమిటో తెలియదు, నియమాలు తెలిస్తేనే తెలుస్తుంది.

ఇంతవరకు అంగీకరిస్తే ఒక తేలికైన సమాధానం ఎదురవుతుంది. శకటు బండి కానట్లే, ఆటలో చంపడం కూడా చంపడం కాదు. మాట రూఢం కనుక దానికి పాపం అంటదు. ఈ సమాధానంలో సగమే నిజమున్నది. నామవాచకాలు తమ మూలార్థాన్ని సులభంగా విడుస్తాయి. క్రియలు అంత సులభంగా విడవవు. ఎవరు ఏ క్రియకు కర్త, ఎవరు కర్మ అన్న పంపకంలో ఒక లోకదృష్టి దాగి ఉంటుంది.

2. చచ్చేదెవరు, కట్టుబడేదెవరు

చదరంగంలో బంటు చస్తుంది, గుర్రం చస్తుంది, మంత్రి కూడా చస్తాడు. రాజు మాత్రం చావడు. అతనికి కట్టు పడుతుంది. ఆట ముగింపుకు మనవాళ్ళు పెట్టిన పేరు ఆటకట్టు. పర్షియన్ షాహ్ మాత్ అనే మాటకు రాజు చచ్చాడని అర్థం చెప్పడం వాడుకలో ఉంది. ఆ వ్యాఖ్య అరబ్బీ ధాతువును బట్టి వచ్చింది. పర్షియన్‌లో మాత్ అంటే నిశ్చేష్టుడు, దిక్కుతోచనివాడు అని. తెలుగు కట్టు ఈ రెండవ అర్థానికి సన్నిహితం. నియమం కూడా దీనినే బలపరుస్తుంది. రాజును పలక మీది నుంచి తీసే ఎత్తు చదరంగంలో లేదు. తప్పించుకునే దారి మూసుకుపోగానే ఆట ఆగుతుంది.

పులిజూదంలో ఇదే పంపకం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. త్రికోణాకారపు గీతలపై మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపుతుంది. మేకలకు చంపే శక్తి లేదు. అవి ఒకదానికొకటి ఆసరాగా నిలిచి పులికి కదలిక లేకుండా కట్టివేయాలి. మేక ఓటమికి పేరు చావు, పులి ఓటమికి పేరు కట్టు. కొమురవెల్లి మల్లన్నను కొలిచే గొల్ల, కురుమ కుటుంబాలు జీవాలను మేపుకుంటూ బతికిన ప్రాంతం సిద్దిపేట. అటువంటి చోట పులి, మేక అన్నవి దూరపు కల్పనలు కావు. మందలో ఒకటి తగ్గడమంటే ఏమిటో తెలిసినవారు ఆడిన ఆట ఇది.

ఈ పంపకాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. బలహీనుని చావు ఆటలో ఒక మెట్టు, బలవంతుని బంధనం ఆటకు ముగింపు. కనుక పరిభాష అధికారక్రమాన్నే తిరిగి చెబుతున్నదని ఒక పఠనం. ఇది కాదనలేనిది. పదిహేను మేకలలో కొన్ని చచ్చినా గెలుపు గెలుపే అనే లెక్క ఆటగాడికి అలవాటవుతుంది. రెండవ పఠనం మేకల వైపు నుంచి. హింసకు సాధనం లేనివారు హింస లేకుండానే గెలవగలరని ఆ ఆట చూపుతుంది. పులిని చంపనవసరం లేదు, దాని దారులు మూస్తే చాలు. కట్టు అనే క్రియలో శత్రువు ప్రాణం మిగిలే ఉంటుంది. ఈ రెండు పఠనాలలో ఒకటి మరొకదానిని రద్దు చేయదు. ఒకే పలక రెండు పాఠాలు చెబుతుంది. ఏ పాఠం అందుతుందన్నది మనం ఏ వైపు కూర్చున్నామన్న దానిపై ఆధారపడుతుంది.

3. కాయ, పండు

అష్టాచెమ్మాలో పరిభాష వేరొక దారి పట్టింది. నాలుగు గవ్వలు వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు. అన్నీ బోర్లపడితే అష్ట, అంటే ఎనిమిది. ఇందులో సైన్యం లేదు, రాజు లేడు. పలకపై తిరిగేవి కాయలు. చుట్టు తిరిగి నడిమి గడికి చేరిన కాయ పండుతుంది. ఇది తోట భాష, సేద్యపు భాష. అయితే ఆ తోటలోనే ఎదుటివారి కాయను చంపడం కూడా ఉంది. తెలంగాణ ఇళ్ళలో ‘నీ కాయ సచ్చింది’ అన్న మాట, ‘నా కాయ పండింది’ అన్న మాట ఒకే నోట, ఒకే పూటలో వినిపిస్తాయి.

ఈ ఆటలో విస్తారంగా పాటించే ఒక నియమం ఇక్కడ కీలకం. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరుసలోకి పోరాదు. చంపనిదే పండటం లేదు. మాటను మాటగా తీసుకుంటే ఇంతకంటె కఠినమైన నీతి మరొకటి ఉండదు. కానీ ఆటలో దాని ఫలితమేమిటి? చచ్చిన కాయ మళ్ళీ మొదటి గడి నుంచి బయలుదేరుతుంది. పోయింది ప్రాణం కాదు, నడిచిన దూరం. పైగా ఈ ఆటలో పులి, మేక తేడా లేదు. ఏ కాయైనా చంపగలదు, ఏ కాయైనా చావగలదు. అడ్డగీతల గుర్తున్న గడిలో ఉన్న కాయను ఎవరూ ముట్టరాదు.

ఆటలో చంపు అనే క్రియ నిరపాయమైనదంటే అది రూఢమైనందువల్ల కాదు. నాలుగు షరతులు దానిని కట్టడి చేసినందువల్ల. మొదటిది సమ్మతి, ఆటలో కూర్చున్నవారు తామై కూర్చున్నారు. రెండవది పరస్పరత, చంపేవాడు చావగలడు. మూడవది పునరాగమనం, చచ్చినది ఈ ఆటలోనో మరుసటి ఆటలోనో తిరిగి వస్తుంది. నాలుగవది ఆశ్రయం, ఎవరూ ముట్టరాని చోటు ఒకటి ఉంటుంది. అన్ని ఆటలలో నాలుగూ సమానంగా ఉండవు. పులిజూదంలో పలకపై పరస్పరత లేదు. ఆటగాళ్ళు వైపులు మార్చుకున్నప్పుడే అది సిద్ధిస్తుంది.

4. షరతులు జారిపోయిన చోటు

ఈ షరతులు తొలగితే ఏమవుతుందో సభాపర్వం ఏనాడో చూపింది. పణం అనేది ద్యూతంలోని మాట. ధర్మరాజు ధనాన్ని, రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని పణంగా పెట్టాడు. తనను ముందే ఓడినవాడు తనను ఒడ్డగలడా అని ద్రౌపది అడిగింది. అది ఆట నియమం గురించిన ప్రశ్న, అదే సమయంలో సమ్మతి గురించిన ప్రశ్న. ఆటలో కూర్చోని మనిషి ఆటవస్తువు ఎలా అయిందన్నదానికి ఆ సభ సమాధానం చెప్పలేకపోయింది.

ఆధునిక కాలంలో ఈ సరిహద్దును బుద్ధిపూర్వకంగా చెరిపినది ప్రష్యా సైన్యం. 1824లో రైస్‌విట్జ్ అనే సైనికాధికారి తన తండ్రి రూపొందించిన బల్ల ఆటను సంస్కరించి ప్రచురించాడు. గడుల స్థానంలో నిజమైన పటాలు వచ్చాయి. సేనలు దిమ్మెలయ్యాయి. పాచికలు, పట్టికల సాయంతో నష్టాల లెక్క తేలేది. సైన్యాధిపతులు దానిని అధికారుల శిక్షణకు స్వీకరించారు. ఇక్కడ ప్రయాణం బాణుడు చెప్పినదానికి విపరీతం. యుద్ధం పలకపైకి వచ్చి శాంతించలేదు, పలక యుద్ధానికి సిద్ధం చేసింది.

1942 మే నెలలో జపాన్ నౌకాదళం మిడ్‌వే దాడికి ముందు ఇటువంటి అభ్యాసక్రీడ నిర్వహించింది. ఆ దళంలోని అధికారి మిత్సువో ఫుచిదా తరువాత రాసినదాని ప్రకారం, ఆ క్రీడలో కాగా అనే విమానవాహక నౌక మునిగినట్లు తీర్పు వచ్చింది. తరువాతి ఘట్టానికి పై అధికారులు దానిని తిరిగి తేల్చారు. జూన్‌లో జరిగిన అసలు యుద్ధంలో కాగాతో పాటు మరి మూడు విమానవాహక నౌకలు మునిగాయి. అవి తిరిగి తేలలేదు. అష్టాచెమ్మాలో పునరాగమనం ఒక దయ. అదే నియమాన్ని ప్రాణాలకు వర్తించే లెక్కలోకి తెచ్చినప్పుడు అది ఆత్మవంచన అయింది.

5. పావు, ఎత్తు

ఇంత దూరం పోనవసరం లేదు. మన దినపత్రికల భాషలోనే ఈ తిరుగుప్రయాణం నిత్యం సాగుతున్నది. పావులు కదపడం, ఎత్తుకు పైఎత్తు, పాచిక పారడం, ఆట కట్టించడం, ఇవన్నీ పలక మీది నుంచి రాజకీయంలోకి, వ్యాపారంలోకి, నేరవార్తలలోకి వచ్చిన మాటలు. షరతులేవీ వాటి వెంట రాలేదు. ఎవరినో పావుగా వాడుకున్నారంటే అందులో సమ్మతి లేదు, పరస్పరత లేదు. పోయినదానికి మరో ఆట లేదు. కట్టు అన్న మాట కూడా ఒక్కొక్కసారి ప్రాణం తీయడానికి మారుపేరుగా నిలుస్తున్నది. చంపకుండా గెలవడానికి పెట్టిన పేరు చంపడాన్ని కప్పే తెర అవుతున్నది.

దీనికి ఒక బలమైన ఆక్షేపం ఉంది. మనుషులను పావులు చేశారన్నప్పుడు వక్త మనుషులను అవమానించడం లేదు, వారిని అలా వాడినవారిని నిందిస్తున్నాడు. ఈ ఆక్షేపాన్ని ఒప్పుకోవాలి. పావు అనే మాటకు ఆ సాక్ష్యశక్తి ఉంది. కానీ అదే పనికి మన భాషలో మరో పేరు కూడా ఉంది. కదిలింపబడినవాని వైపు నుంచి చూస్తే పావు, కదిపిన చేతి వైపు నుంచి చూస్తే ఎత్తు. పావులో నింద ఉంది, ఎత్తులో మెచ్చుకోలు ఉంది. ఎవరిదైనా గొప్ప ఎత్తు అని మెచ్చినప్పుడు, ఆ ఎత్తులో పావు ఎవరన్న ప్రశ్న మరుగున పడుతుంది. దోషం మాటలో లేదు, రెండు మాటలలో ఒకదానినే పలకడంలో ఉంది.

ముగింపు

యుద్ధక్రీడల పరిభాష వింతగా ఉండడానికి పైకి కనిపించే కారణం చరిత్ర. మాటలు దేశాలు దాటాయి, రథం ఏనుగైంది, ఏనుగు ఆచార్యుడైంది. లోపలి కారణం నైతికమైనది. ఆటను కల్పించినవారు హింసాక్రియను తీసుకుని, దాని చుట్టూ నియమాల కంచె వేశారు. ఆ కంచె లోపల చంపు అనే మాటను పిల్లలు కూడా నిర్భయంగా పలకగలరు. కంచె దాటిన మాటకు ఆ అభయం లేదు. గుడి అరుగుల మీద, ఇంటి గచ్చుల మీద గీసిన ఈ ఆటల పేర్లను, పదాలను నిఘంటువులకు చేర్చే పరిశోధకులు వాటితో పాటు నియమాలను కూడా నమోదు చేయవలసి ఉంది. చచ్చిన కాయ మళ్ళీ బయలుదేరుతుందన్న నియమం రాయకుండా చంపు అన్న మాట ఒక్కటే రాస్తే, ఆ ఆడపదానికి అర్థం రాసినట్లు కాదు. ఒక మనిషిని పావు అనే ముందు కూడా అడగవలసినది అదే. ఈ ఆటలో అతడు తానై కూర్చున్నాడా? పోయినది అతనికి తిరిగి వస్తుందా?