పిలిచినా పలుకని బిడ్డ



చెవిటివాని కొరకు ప్రభువు ప్రత్యేకముగా సమయమిచ్చెను (మార్కు 7:31-37). అతనిని ప్రక్కకు తోడ్కొనిపోయి, వినలేని వానికి తెలియునట్లు స్పర్శతో పలుకరించెను.

బాక్టీరియా వలన మెదడు పొరలకు సోకు మెనింజైటిస్ నుండి బిడ్డ బ్రతికినప్పుడు మనము స్తుతికూటము పెట్టుదుము. మంచిదే. గాని ఆ జబ్బు లోపలి చెవిని దెబ్బతీయవచ్చును. పిలిచినా తిరిగి చూడని బిడ్డను మొండివాడని కొట్టకుడి. ఆసుపత్రి విడుచుటకు ముందే, లేదా నాలుగు వారములలోగా, వినికిడి పరీక్ష చేయించుడి. ఆలస్యమైతే లోపలి చెవిలోని కాక్లియా ఎముకవలె గట్టిపడవచ్చును. అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చుట కష్టమగును. ప్రార్థన చేయుచున్నామని పరీక్షను వాయిదా వేయకుడి.

“ఇది ఎవరి పాపము?” అని తల్లిని అడుగకుడి. అట్టి ప్రశ్నను ప్రభువే త్రోసివేసెను (యోహాను 9:1-3). చిన్నపిల్లలకు హిబ్, న్యూమోకోకల్ టీకాలు తప్పక వేయించుడి; న్యూమోకోకల్ టీకా 2021 నుండి దేశమంతట ప్రభుత్వ కార్యక్రమములో ఉచితము.

వినికిడి తిరిగి రాకున్నను బిడ్డ మనవాడే. సైగల భాష అతనికి నేర్పించుడి, మీరును నేర్చుకొనుడి. సండేస్కూలులో టీచరు ముఖము కనబడునట్లు ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. ప్రభువువలె మనమును ఆ బిడ్డయొద్దకు వెళ్లుదము. ఆమేన్.