నేలఋణము

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని పెద్దలు చెప్పుదురు. వీనితో నేలఋణమును కూడ చేర్చవలయునా యను ప్రశ్న కొంతకాలముగా మమ్ము బాధించుచున్నది. జీవితమంతయు జమాఖర్చులు వ్రాసిన వారమగుటచే దీనిని కూడ పద్దుల రీతినే విచారింపబూనితిమి.

కోరాపుట్ సీమలో స్థిరపడిన తెలుగువారికి ఎఱ్ఱనేల క్రొత్త కాదు. 1936కు పూర్వము ఈ సీమ మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. ఈ నేల యెఱుపు సౌభాగ్యచిహ్నమని బాల్యమున తలచెడివారము. నిజమునకది వార్ధక్యచిహ్నము. ఉష్ణప్రదేశములందు వేడిమియు వర్షమును కలిసి లక్షల వత్సరములు రాతిని శిథిలము చేయును. సున్నము, మెగ్నీషియము, పొటాషియము నీటిలో కరగిపోవును. ఇనుము, అల్యూమినియముల ఆక్సైడులు మిగులును. ఆ యెఱుపు ఇనుముదే. ఈ క్షయము మిక్కిలి ముదిరిన మట్టి కోయునపుడు మెత్తగానుండి, గాలికి ఇటుకవలె గట్టిపడును. మలబారులోని అంగడిపురమున దీనిని చూచిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో ప్రచురింపబడిన తన గ్రంథమున లాటరైటు అని పేరిడెను.

సున్నము తరిగినకొలది ఆమ్లత్వము పెరుగును. ఉదజని సూచిక 7 సమస్థితి. ఒక అంకె తగ్గిన ఆమ్లత్వము పదిరెట్లగును. ఇంచుమించు 5.5కు దిగువ అల్యూమినియము కరగి వేళ్లను మొద్దుబార్చును. వేసిన భాస్వరమును ఇనుము, అల్యూమినియములు పట్టియుంచి పైరున కందనీయవు. విస్తరి వడ్డించి చేతులు కట్టివేసినట్లగును.

మాకు పిత్రార్జితమైన రెండెకరముల మెట్ట కలదు. ఉద్యోగకాలమంతయు దానిని సగపాలుకిచ్చి ఏటేట రాగులు కొలిపించుకొంటిమి. ఒక్క బండి పెంటయైన తోలింపలేదు. దిగుబడి సన్నగిల్లగా రైతు సోమరియని నిందించితిమి. “సత్తువ పోయింది బాబూ, సున్నం పడితేగాని తేరుకోదు” అని అతడనగా, ఆ ఖర్చు నీదేయంటిమి. విరమణానంతరము మట్టిని పరీక్షింపజేయగా అంకె 5.1 వచ్చెను. సోమరులమైనది మేమేయని ఆనాడు తెలిసినది.

వాన చేసిన అపహరణకు మనుష్యుడేల బాధ్యుడని కొందరడుగవచ్చును. వాన పద్దు మనది కాదు, నిజమే. కాని ప్రతి పంటయు నేలలోని సున్నమును, పొటాషియమును కొంత తీసికొనిపోవును. యూరియా, అమ్మోనియము సల్ఫేటు వంటి ఎరువులు మట్టిలో మారునపుడు ఆమ్లత్వమును పెంచును. దొంగలు పడిన యింటినుండి మనము కూడ ఒక బిందె పట్టుకొనిపోవుట న్యాయమా?

పూర్వము కొండలపై పోడు చేసినవారు కొన్ని పంటల పిదప నేలను విడిచి, అడవిని మరల పెరుగనిచ్చెడివారు. అడవి కాల్చిన బూడిద క్షారమగుటచే ఆమ్లత్వమును తగ్గించును. అది నేలకు పింఛను వంటిది. మేము పింఛను పుచ్చుకొనుచు నేలకు విశ్రాంతియైన ఈయమైతిమి.

మరి సున్నపు ఖర్చెవరిది? చల్లిన సున్నము ఒక్క పంటతో తీరిపోదు. దాని ఫలము కొన్నేండ్లు నిలుచును. మరుసటి యేడు ఆ చేను తనకు దక్కునో లేదో తెలియని రైతు దానినేల చల్లును? నేల ఎవరిపేర నున్నదో వారిదే ఆ భారమని మా నిశ్చయము.

మన పూర్వులు ఏ ఊరినుండి వచ్చినను మనము ఈ సీమ అన్నము తిని పెరిగితిమి. జన్మభూమికి ఋణపడుట మాత్రమే ధర్మమనుకొనరాదు. అన్నము పెట్టిన నేలకును ఋణము కలదు. రెండేండ్లుగా సున్నమును, పెంటను మా ఖర్చుతో వేయించుచున్నాము. పైరు కొంత తేరుకొన్నది. పద్దు సరిపోయినదని వ్రాయుటకు మాత్రము ఇంకను చేయి రాకున్నది.