పడితే ఎవరు పడ్డట్టు?

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత కట్టినవారెవరో గాని మంచి వయసులో ఉండగానే కట్టి ఉంటారు. ఎనభైల్లో నోరు జారితే మనవలు నవ్వి ఊరుకుంటారు. బాత్రూం గడప దగ్గర కాలు జారితే మాత్రం తుంటి ఎముక విరిగి, కొందరు మళ్లీ మంచం దిగరు.

అందుకే పెద్దవాళ్లున్న ఇంట్లో ఒక మాట రోజంతా వినిపిస్తుంది: "మీరు కూర్చోండి నాన్నా, నేను తెస్తాను." ప్రేమే, సందేహం లేదు. మంచినీళ్లు మంచం దగ్గరికే వస్తాయి, కంచం కుర్చీ దగ్గరికే వస్తుంది, పూజకు పూలు కోసే పని మనవడికి పోతుంది. కొన్నాళ్లకు తొడల్లో సత్తువ తగ్గుతుంది. లేవబోతే తూలుతారు. అది చూసి మనం ఇంకాస్త గట్టిగా కూర్చోమంటాం. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో ఇంటి కెమెరా తెరిచి, అమ్మ కుర్చీలో కనిపిస్తే నిశ్చింతగా పడుకుంటాడు. ఆ నిశ్చింత ఎవరిది? దాని ఖరీదు ఎవరి కాళ్లు కడుతున్నాయి?

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో, ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్ బృందం దీనికి ఎదురుదారి పట్టింది. ఎనభై, ఆ పైబడిన 233 మంది స్త్రీలను ఎంచుకుని, సగం మంది ఇళ్లకు ఫిజియోథెరపిస్టును పంపారు. మిగతా సగాన్ని పలకరించి, కబుర్లు చెప్పి వచ్చారు. మొదటివాళ్లకు నేర్పినవి పెద్ద విద్యలేం కావు. చీలమండకు బరువు కట్టుకుని కాలు చాపడం, మడమలెత్తి నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనిస్తూ నడవడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం. వారానికి మూడుసార్లు, అరగంట. 1997లో ఫలితాలు అచ్చయ్యాయి: ఏడాదిలో కబుర్లవాళ్లు 152 సార్లు పడితే, వ్యాయామం చేసినవాళ్లు 88 సార్లు పడ్డారు.

నాకు ఆ 88 మీదే ఆలోచన. చెప్పినట్టల్లా చేసీ పడ్డవాళ్లుంటారు. వాళ్లను రేపు ఎవరైనా "సరిగ్గా చేసి ఉంటే పడేదానివి కాదుగా" అంటే? ముసలితనంలో కూడా మార్కులు వేసే మాస్టారు ఎదురైతే ఎలా? తడి నేల, జారే పట్టా, తల తిప్పించే మాత్ర, ముసిరిన శుక్లం, వీటి తప్పును కూడా కాళ్ల మీదికి నెట్టడం అన్యాయం.

ఇంకో చిక్కుంది. తూలకుండా నిలకడ నేర్వలేం. మా పక్కింటి పెద్దావిడ వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తుతుంటే చూశాను. అంగుళమైనా లేవవు. పాదం మీద నరాలు పైకి తేలతాయి, వేళ్లు టైలును పట్టుకోబోయి జారతాయి, ఒళ్లు ఇటూ అటూ ఊగుతుంది. అప్పుడే కాళ్లకు పని. ముందు రెండు చేతులతో పట్టుకోవడం, తర్వాత ఒక చేత్తో, ఆ పైన వేలి కొసతో, చివరికి వదిలేయడం. అంటే పడకుండా ఉండటానికి పడే అంచు దాకా రోజూ వెళ్లి రావాలి. ఇంట్లోవాళ్ల గుండెలు తట్టుకుంటాయా?

"పడితే నేనేగా పడేది" అంటుంది ఆవిడ. కాదనలేను, ఒళ్లు ఆవిడది. "మీరొక్కరే పడరు అత్తయ్యా" అంటుంది కోడలు. అదీ కాదనలేను. ఆస్పత్రికి పరిగెత్తేది, సెలవు పెట్టేది, రాత్రిళ్లు లేచి బెడ్‌పాన్ పెట్టేది ఆ అమ్మాయే. మన ఇళ్లలో ఒకరు పడితే ఆ బరువు చాలావరకు ఇంకో ఆడమనిషి మీదే పడుతుంది. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లం ఈ లెక్క ఎప్పుడూ వెయ్యం.

ప్రస్తుతానికి ఆ అత్తాకోడళ్లకు ఒక ఒప్పందం కుదిరింది. మడమలెత్తేటప్పుడు కోడలు పక్కనే ఉంటుంది, పట్టుకోదు. ఎంత తూలితే పట్టుకోవాలన్న దగ్గర మాత్రం ఇప్పటికీ రోజూ వాదనే.