పక్కకు నెట్టిన అనుభవం

2018లో, అమెరికాలో ఉన్న రోజుల్లో, కొన్ని నెలలపాటు నేను గర్భనిరోధక ప్యాచ్ వాడాను. అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఒంటి రంగులో ఉంటుందన్నారు గానీ అది ఎవరి ఒంటి రంగో, నాది మాత్రం కాదు. వారానికొకటి చొప్పున మూడు వారాలు, నాలుగో వారం ఖాళీ. పొట్ట మీదో, వీపు మీదో, జబ్బకో, పిరుదుకో అతికించుకోవచ్చు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే బాధ లేదు. ఆ సౌకర్యం కోసమే దాన్ని ఎంచుకున్నాను.

వారం తిరిగేసరికి అంచుల వెంట బట్టల నూగు అంటుకుని నల్లటి గీత ఏర్పడేది. ప్యాచ్ తీసేసినా గీత పోయేది కాదు, కొబ్బరినూనె రాసి రుద్దాల్సి వచ్చేది. కింద దురద. పొద్దున్నే వికారం, రొమ్ముల్లో సలపరం. ఇవన్నీ ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేకపోయింది వేరే ఉంది. చదువుతున్న పేజీ కళ్ల ముందే ఉండేది, ఒక్క వాక్యమూ లోపలికి దిగేది కాదు. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. క్లినిక్కులో చెప్తే, వికారం, సలపరం సైడ్ ఎఫెక్ట్సేననీ, మూడు నెలల్లో సర్దుకుంటాయనీ అన్నారు. ఏడుపు మాత్రం కొత్త దేశం వల్లో, థీసిస్ ఒత్తిడి వల్లో అయి ఉంటుందన్నారు.

అది తప్పు అని ఇప్పటికీ నేను రుజువు చెయ్యలేను. నన్ను వేధించేది అదే. నా ఒంట్లో జరిగినదానికి నేనొక్కదాన్నే సాక్షిని. ఆ సాక్ష్యానికి విలువ ఎంత? దాన్ని నిర్ణయించేది ఎవరు?

ముందు మాట దగ్గరే ఆగుదాం. తెలుగు పత్రికల్లో 'దుష్ఫలితాలు' అని రాస్తారు. ఆ మాట ఫలితం మంచిదా చెడ్డదా చెప్తుంది. ఆస్పత్రుల్లో వినబడే 'సైడ్ ఎఫెక్ట్' ఆ సంగతి చెప్పదు. అది ఎక్కడ నిలబడాలో మాత్రం చెప్తుంది: పక్కన. నిజానికి మందుకు అసలు, పక్క అనే తేడా తెలియదు. ప్యాచ్‌లోంచి చర్మం ద్వారా రక్తంలోకి దిగే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అండం విడుదల కాకుండా ఆపుతాయి. అదే ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని కూడా కొంత పెంచుతుంది. రెండూ ఫలితాలే. ఏది అసలు, ఏది పక్క అనేది మందు తేల్చేది కాదు, దాన్నుంచి ఎవరు ఏమి కోరుకున్నారన్నది తేల్చేది. కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి అసలు ఫలితం పుట్టని బిడ్డ. మిగిలిందంతా పక్కన. ఆ పక్కనే స్త్రీ బతుకుతుంది.

ప్యాచ్ కథే చూడండి. 2001 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ మొదటి ప్యాచ్‌కు అనుమతి ఇచ్చింది. 2005 నవంబరులో అదే సంస్థ ఒక హెచ్చరిక చేర్పించింది: మామూలు మాత్రతో పోలిస్తే ప్యాచ్ వాడే స్త్రీ ఒంట్లోకి మొత్తం మీద 60 శాతం ఎక్కువ ఈస్ట్రోజెన్ చేరుతోందని. మాత్ర వేసుకున్నాక హార్మోను ఒక్కసారి పెరిగి తగ్గుతుంది. ప్యాచ్‌తో ఆ శిఖరం ఉండదు, కానీ తగ్గడమూ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో 'నాకేదో తేడాగా ఉంది' అని చెప్పిన ప్రతి స్త్రీ మాటా ఎక్కడికి పోయింది?

పాత సంగతే ఇది. 1956లో గర్భనిరోధక మాత్రను పెద్ద ఎత్తున ప్యూర్టోరికో పేద స్త్రీల మీద పరీక్షించారు. అక్కడ పని చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే అనే మహిళ, 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి వస్తున్నాయనీ, ఇంత ఇబ్బంది పెట్టే మందు అందరికీ పనికిరాదనీ నివేదించింది. మాత్ర రూపొందించిన గ్రెగరీ పింకస్ బృందం ఆ ఫిర్యాదుల్లో చాలావాటిని మానసికమని కొట్టిపారేసింది. 1970లో మాత్ర భద్రత మీద అమెరికా సెనేట్‌లో విచారణ జరిగినప్పుడు, మాత్ర మింగే స్త్రీలను ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదు. ప్రేక్షకుల్లోంచి స్త్రీలు లేచి అడ్డుకున్నారు. మాత్రల పెట్టెలో ప్రమాదాలు చెప్పే కాగితం పెట్టడం ఆ గొడవ తర్వాతే మొదలైంది. నా ప్యాచ్ పెట్టెలో మడతలు మడతలుగా ఉన్న కాగితం వెనక ఆ ఆడవాళ్ల కేకలున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మనకూ ఇలాంటి చరిత్ర ఉంది. 1985లో హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం తలపెట్టారు. ఇది ప్రయోగమన్న సంగతి అక్కడికి వచ్చిన పేద స్త్రీలకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్లి ప్రశ్నించారు. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. తెలియకుండా ఇచ్చిన అంగీకారం అంగీకారమేనా అన్నది వారు అడిగిన ప్రశ్న. నా దగ్గర కాగితం ఉంది, చదవడం వచ్చు, సంతకం నేనే పెట్టాను. కాబట్టి నా ప్రశ్న ఇంకో మెట్టు అవతలిది. తెలిసి ఒప్పుకున్నాక, ఆ తర్వాత ఒంట్లో జరిగేది చెప్పే హక్కు, చెప్తే వినబడే హక్కు కూడా ఆ ఒప్పందంలో భాగమా, కాదా?

అనుభవమే సత్యం అని నేను అనడం లేదు. మా అమ్మకు రెండో కాన్పు తర్వాత, ఇరవై మూడేళ్లకే పిల్లల ఆపరేషన్ అయింది. అప్పటినుంచీ నడుం నొప్పి అంటుంది. డాక్టర్లు సంబంధం లేదంటారు. కావచ్చు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన, 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద భార్యకు బదులు భర్త చేయించుకున్నది 0.3 శాతం. ఇంతమంది ఒంటిమీద జరిగినదాని గురించి వాళ్లే చెప్పే మాటలను మనం ఎక్కడ రాసి పెట్టుకున్నాం? రాయనిదానికి ఆధారం ఎక్కడినుంచి వస్తుంది? అనుభవం తీర్పు కాదు, విచారణకు మొదలు. ఆ మొదలునే తుడిచేస్తే, ఆపైన 'ఆధారాల్లేవు' అనడం చాలా సులువు.

2016లో డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా స్త్రీల రికార్డులు పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. హార్మోన్లు వాడనివాళ్లతో పోలిస్తే ప్యాచ్ వాడేవాళ్లలో దిగులు తగ్గించే మందులు మొదటిసారి మొదలుపెట్టడం సుమారు రెట్టింపు ఉందని అందులో తేలింది. కారణం ప్యాచేనని ఆ అధ్యయనం రుజువు చెయ్యలేదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఉందని చూపించింది. నేను క్లినిక్కులో కూర్చోవడానికి రెండేళ్ల ముందే.

ఇలా రాస్తే గర్భనిరోధకాలనే వద్దనేవాళ్లకు ఆయుధం ఇచ్చినట్టు కాదా అని స్నేహితులు అడిగారు. ఆ భయం నాకూ ఉంది. గర్భంలోనూ, కాన్పైన వారాల్లోనూ రక్తం గడ్డకట్టే ప్రమాదం ప్యాచ్ వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. భర్త నిరోధ్ వాడనంటే, అత్తకు తెలియకుండా దాచుకోగలిగిన సాధనం ఎందరికో ఊపిరి.

మా చిన్నమ్మ కూతురికి అలాంటి ఊపిరే కావాల్సి వచ్చింది. ప్రభుత్వం 2017లో 'అంతర' పేరుతో మూడు నెలలకోసారి ఇచ్చే డీఎంపీఏ ఇంజెక్షన్ ప్రవేశపెట్టింది. నెట్-ఎన్ కాదు, ఆ కోవదే. తను ఎవరికీ చెప్పకుండా వేయించుకుంది. ఒకరోజు ఫోన్ చేసింది. "అక్కా, ఇరవై రోజులాయె. బందయితలేదు. ఇంకా తలకు పోసుకోలేదా అని మా అత్త రోజూ అడుగుతున్నది."

నేను ఏదో పేపరు దిద్దుకుంటున్నాను. "అది మామూలేనే, సైడ్ ఎఫెక్టే, సర్దుకుంటది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక గానీ ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తు రాలేదు. నేను చెప్పింది వైద్యపరంగా తప్పు కాదు. ఆ ఇంజెక్షన్‌తో ఎక్కువగా కనిపించే ఇబ్బంది అదే. కానీ ముట్టయితే వంటగదికీ దేవుడి గదికీ దూరంగా ఉంచే ఇంట్లో ఇరవై రోజులంటే ఏమిటో నేను అడగలేదు. దాచుకోవడానికి తీసుకున్న సాధనమే ఆమెను రోజూ ఇంటిల్లిపాది ముందూ నిలబెడుతోంది. ఆ రక్తం ఆమె జీవితానికి పక్కన లేదు, నడిమధ్యన ఉంది. పుస్తకాలు చదివి, స్త్రీల అనుభవం గురించి సెమినార్లలో మాట్లాడి, ఆ అనుభవం చెవిలో పడితే నేను చేసింది దాన్ని పక్కకు నెట్టడమే.

మర్నాడు మళ్లీ ఫోన్ చేశాను. ఏం జరుగుతోందో మొదట్నుంచీ చెప్పమన్నాను. అరగంట చెప్పింది. తేదీలు రాసుకున్నాను. డాక్టరుకు చూపించడానికి తననూ రాసుకోమన్నాను. చివర్లో అడిగింది, "మరి నీకేమయిందక్కా అప్పుడు?" అని. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.