శిఖం భూమి ఎవరిది?



ఎండాకాలం చెరువు నీళ్లు తగ్గుతుంటే శిఖంలో నాగలి దిగడం మన హుజూర్‌నగర్ దిక్కు మీరు చూసే ఉంటారు. దున్నేవాళ్లలో పట్టా ఉన్నోళ్లు కొందరు, లేనోళ్లు కొందరు. రేపు సర్కారు వచ్చి "ఇది చెరువు, మీ హక్కు రద్దు" అంటే అది న్యాయమేనా?

జవాబు చెప్పేముందు మహాడ్‌ను తలుచుకోండి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవ్‌దార్ చెరువు నీళ్లు తాగిండు. సవర్ణులు కోర్టుకు పోయి ఏమన్నరు? ఆ చెరువు మా సొంతమన్నరు! బొంబాయి హైకోర్టు ఆ మాటను కొట్టేసేసరికి 1937 వచ్చింది. నీటి మీద "నాది" అనే మాట ఎవరి గొంతు ఎండబెడ్తదో మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అందుకే చెరువు, వాగు, ఏరు అందరివీ అనే మాటను మనం కాదనలేం. బియాస్ నది ఒడ్డున ఒక హోటల్‌కు ఇచ్చిన లీజును సుప్రీంకోర్టు 1996లో రద్దు చేసింది. నదులకు సర్కారు యజమాని కాదు, ప్రజల తరఫున కాపలాదారు అని చెప్పింది. తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లోనూ అదే సూత్రం.

అయితే మన వాడల సంగతి అంత తేలిక కాదు. మంచి చెల్క, తరి పొలం వేరేవాళ్ల చేతుల్లో ఉండబట్టే కదా మనోళ్లు ఆ మునక నేలకు పోయింది! రెండో శీలం ఏమంటది? ఇయ్యనిది తీసుకోవద్దు. చెరువును పూడ్చి ప్లాట్లు అమ్మినోడు ఊరందరి సొత్తు తీసుకున్నడు, అందులో అనుమానం లేదు. మరి సర్కారు తన చేత్తో కాయితమిచ్చి, ఇరవై ఏండ్లు దున్ననిచ్చి, ఒక్క నోటీసుతో గుంజుకుంటే? ఆ శీలం సర్కారుకు వర్తించదా? నా మట్టుకు నేను వర్తిస్తదనే అంటాను. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే సొంత పట్టాదారుకు ఇచ్చినట్టే పరిహారం ఇయ్యాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లోనే చెప్పింది. ఈ తీర్పు సంగతి మన వాడల్లో ఎంతమందికి తెలుసు?

2024లో మూసీ ఒడ్డున ఇండ్ల గోడల మీద అధికారులు గుర్తులేసిండ్రు. డబుల్ బెడ్‌రూం ఇండ్లకు పొమ్మన్నరు. ఇల్లు దొరకొచ్చు, కానీ పక్కనున్న కూలిపని, పిల్లల బడి వెంట రావు కదా.

శాక్యులకు, కోలీయులకు రోహిణీ నది నీళ్ల మీద తగవు వచ్చినప్పుడు సిద్ధార్థుడు యుద్ధం వద్దన్నడని బాబాసాహెబ్ రాసిండు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఆ నలుగురు ఎన్నుకున్న ఐదోవాడు కూర్చొని తేల్చాలన్నడు. మన ఊరి చెరువు హద్దులు కొలిచేనాడు మీరూ పోండి. శిఖం దున్నేటోన్ని కూడా కూర్చోబెట్టిండ్రా అని అడగండి.