మూలధ్వని ఎక్కడుంది?

దూరపు టెలిఫోన్ తీగల్లో హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువగా క్షీణిస్తాయి. ‘సరే’లోని సకారం మసకబారి, మాట దుప్పటి చాటు నుంచి వచ్చినట్టుంటుంది. ఆ తేడాను సమం చేయడానికి ఒక విద్యుత్ వలయాన్ని జోడించేవారు; అందుకే దానికి ఈక్వలైజర్ అని పేరు. పలికినదే వినిపించాలన్నది అప్పటి ఆదర్శం.

1933లో టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ చెవినే కొలిచారు. శబ్దం తగ్గేకొద్దీ మంద్రస్వరాలు మిగతావాటికంటే ముందే చెవికి అందకుండా పోతాయని తేలింది. డబుల్ బాస్‌ను తక్కువ ధ్వనిలో వినిపిస్తే, యంత్రంలో ఏ లోపమూ లేకున్నా ఆ గాంభీర్యం జారిపోతుంది. మరి యంత్రం నిజాయితీగా ఉండాల్సింది దేనికి? గాలిలోని కంపనానికా, వినేవారి అనుభవానికా? అనుభవానికే అనడం న్యాయం. అయితే అందరి చెవులూ ఒకటి కావు; ఎవరి అనుభవానికి అన్నది తేలదు. 1950లలో పుల్టెక్ ఈక్వలైజర్ వచ్చాక, స్టూడియో ఇంజనీర్లు నష్టాన్ని పూడ్చడంతో ఆగక, తమకు నచ్చిన నాదాన్ని మీట తిప్పి మలచసాగారు.