టెంక నాటువాని యాశ

నిర్మల్ పట్టణమున నకాషీ పనివారు పొనికికొయ్యతో మామిడిపండ్లను చేయుదురు. ఆ కొయ్య మిక్కిలి తేలిక; చెక్కుటకు సులువు. చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి అతుకులు పూడ్చి, పైన రంగు వేయుదురు. నూరు పండ్లు కావలెనన్న నూరును ఒకే తీరున నుండును. బొమ్మకు అదియే గుణము. తిను పండునుగూర్చియు మనము ఇదియే కోరుచున్నాము.

పిల్లవాడు తాను తిన్న మామిడిటెంకను పెరటిలో పాతి నీరు పోయుచుండగా పెద్దలు నవ్వుదురు. "అది యెప్పుడు కాయును? కాచినను పులుపో, తీపో? అంటుమొక్క తెచ్చుకొందము" అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. అంటుమామిడి 3, 4 ఏండ్లకు కాపునకు వచ్చును. టెంకనుండి లేచిన చెట్టునకు 6, 7 ఏండ్లో, అంతకు మించియో పట్టును. బంగినపల్లి టెంకను నాటినంతమాత్రమున బంగినపల్లి రాదు. ఏ చెట్టు పుప్పొడి ఆ పూతకు తగిలెనో దాని గుణమును జీడిలో కలిసియుండును.

అయినను ఆ నవ్వు న్యాయము కాదు. లక్నో దాపున దశేరీ గ్రామమున ఆ పేరిటి పండునకు తొలిచెట్టును నేటికిని చూపుదురు. అది అంటు కాదు; ఎవరును ఎదురుచూడని మొలక. దాని రుచి యెరిగిన పిమ్మటనే జనులు అంటులు కట్టిరి. 1970 దశకమున ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాసంస్థవారు విడుదల చేసిన మల్లిక, ఆమ్రపాలి రెండును నీలము, దశేరీల సంతానమే. తల్లిదండ్రులు వారే, కాని మల్లిక పండు పెద్దది, ఆమ్రపాలి చెట్టే పొట్టిది. తెలిసిన రుచిని నిలుపునది అంటు. తెలియని రుచి పుట్టుచోటు టెంక.

అంతేకాదు, అంటు సైతము గాలిలో నిలువదు. నాటుమామిడి టెంకలను మొలిపించి, ఆ మొలకలపై పేరుగల కొమ్మను కట్టుదురు. పేరు పైకొమ్మది, నీరు తెచ్చునది పేరులేని వేరు. మన గొప్ప కుటుంబముల చరిత్రయు నించుమించుగ ఇట్టిదే, కాని యది వేఱొక వ్యాసమునకు తగినది.

సంస్కృతమున ఫలమనగా పండు, కర్మవలన కలుగు ప్రయోజనము అని రెండర్థములు. అందుచే టెంక నాటువానిని నిష్కామకర్మికి ఉదాహరణముగ చూప బుద్ధి పుట్టును. నాకది సమ్మతము కాదు. పండుపై ఆశ లేనివాడు టెంక నేల పాతును? వానికి ఆశ కలదు. ఆ పండు ఇట్లే యుండవలెనని శాసించు అధికారమును మాత్రము వాడు కోరడు. గృహస్థునకు ఆశను విడుచుటకంటె ఈ అధికారమును విడుచుట కష్టతరము. బిడ్డ బాగును తండ్రి కోరుట సహజము. కాని చాలతఱచుగ ఆతడు కోరునది తన యంటునే. ఇరువదేండ్లుగా బడిలో తండ్రుల మాటలు వినుచున్నాను. "వీనికి ఏది వచ్చును?" అని అడుగువారు అరుదు. "వీనిని ఇంజనీరును చేయుడు" అనువారే మెండు.

నాటదలచినవారికి ఒక మాట. మామిడిజీడి ఎండినచో మొలవదు. పండు తిన్న కొలదిదినములలోనే పాతవలెను. ఓపిక తక్కువైనవారు సీతాఫలముతో మొదలిడవచ్చును. పేరు సీతదైనను ఆ చెట్టు అమెరికా ఖండమునుండి వచ్చినది. తెలంగాణపు గుట్టలపై ఎవరును నాటకయే పెరుగుచున్నది. గింజ వేసిన 3, 4 ఏండ్లకు కాయును. మామిడి పుల్లనిదైనచో నేమి చేయుదు మందురా? ఊరగాయ జాడీకి కావలసినది పుల్లకాయయే. పీచుపండైనచో పిండి రసము త్రాగుదురు.